మడుగులో దొరకని మనిషి

ఆదివారం మధ్యాహ్నం సంగటి ముద్ద పళ్ళెంలో పడిందో లేదో, ఎల్లప్ప ఫోను మోగింది. ఆదివారం పూట ఆ ఫోను మోగిందంటే సంగతేమిటో మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. ఏరు బండల ఇరుకులో పడి కిందికి దూకే చోట, జలపాతం కింది మడుగులో మళ్ళీ ఎవరో మునిగారు.

"పోవద్దు. నీకేమన్నా జీతమిస్తాండారా?" అంది శాంతమ్మ. "యాభై దాటినావు. గట్టెక్కితేనే ఆయాసం. రేపు నిన్ను ఎవురు వెతకల్ల?"

"ఇదే కడాసారి."

"పోయినసారీ అదే అంటివి."

నిజమే, అన్నాడు. పెద్దపంజాణిలో పాల క్యాన్లు మోసే మనిషికి వారానికి ఒక్క సెలవు. ఆ సెలవునాడే కుర్రకారంతా బీరు సీసాలతో లోయలోకి దిగడం, ఒకడు మునగడం, ఎల్లప్ప వాడి శవాన్ని పైకి తేవడం. ఏం ఖర్మో! చిన్నప్పుడు ఆ మడుగులో ఈత నేర్చుకోవడమే అతను చేసిన పాపమైపోయింది. సగం ముద్ద వదిలేసి లేచాడు.

లోయ నిండా జనం. ఒడ్డు బండ మీద ఒక ప్యాంటు, చెప్పులు, సెల్‌ఫోను. పుంగనూరు నుంచి వచ్చిన స్నేహితులు గుండెలు బాదుకుంటున్నారు. పోయినవాడి పేరు బాలాజీ, బ్యాంకులో కొత్తగా ఉద్యోగమొచ్చిందట. తండ్రి మునస్వామి అప్పటికే ఆటోలో వచ్చేశాడు. ఆయన కంట తడి లేదు.

"నా కొడుకును తెచ్చియ్యి సామీ, ఎట్లుండినా సరే" అన్నాడు.

ఎల్లప్ప దిగాడు. అడుగున కళ్ళు కనపడవు, బండ సందుల్లో తడుముకుంటూ పోవాల్సిందే. చెట్టుకొమ్మలు తగిలాయి, సీసా పెంకులు తగిలాయి, మనిషి తగల్లేదు. పైకి రావడం, ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ మునగడం. అరచెయ్యి తెగింది. పిక్కలు పట్టేశాయి. పొద్దు వాలుతుంటే, "చాలు రాప్పా, రేపు సూద్దాం" అని ఎవరో కేకేశారు. మునస్వామి మాత్రం నీళ్ళవైపే చూస్తున్నాడు. ఆ చూపుకు తట్టుకోలేక ఎల్లప్ప మళ్ళీ మునిగాడు. ఈసారి పైకి రాలేననే అనుకున్నాడు. భయమేసింది.

ఎలాగో బండ అంచు దొరికింది. పైనుంచి ఎవరో కుర్రాడు చెయ్యి అందించి లాగాడు. నిక్కరు మీదున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పడిండేది ఎవురు, అన్నా?" అని అడిగాడు ఆ కుర్రాడు.

"ఎవురో బాలాజీ అంట" అన్నాడు ఎల్లప్ప రొప్పుతూ.

"బాలాజీనా? బాలాజీ నేనే కదన్నా!"

తాగిన మత్తులో పైన బండచాటు నీడకు పోయి నిద్రపోయాడట, మహానుభావుడు! నీళ్ళ హోరులో ఎవరి కేకలూ వినపడలేదట. మునస్వామి పరుగున వచ్చి కొడుకు చెంపలు వాయించాడు. వాయించి, వాయించి, వాణ్ణే కావలించుకుని అప్పుడు భోరుమన్నాడు. జనం నవ్వారు. సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టుకుని, ఇంక చూసేదేమీ లేదన్నట్టు గట్టెక్కారు.

ఎల్లప్పకు నోటిదాకా తిట్లొచ్చాయి. అందించిన ఆ చేతిని మాత్రం అతను ఇంకా వదల్లేదు.

"చెయ్యి ఇడువన్నా, పోతాం" అన్నాడు బాలాజీ సిగ్గుపడుతూ.

"ఉండప్పా, కొంచేపు ఉండు" అన్నాడు ఎల్లప్ప. "ఈ మడుగు కాడ నేను పట్టుకున్న చేతుల్లో వెచ్చంగా ఉండేది ఇదొక్కటే."