కోడికి భత్యము లేదు

ఆశ్వయుజమాసపు కడపటి దినములలో తూర్పుసముద్రమునుండి ఏనుగుల గుంపులవలె లేచివచ్చిన కాఱుమొగుళ్లు గోదావరి లంకలనెల్ల వర్షధారలతో ముంచి వరిచేల పచ్చదనమును బురదనీటిలో గలిపివైచిన యొకనాటి యపరాహ్ణమున సైనికవిమానదళమున దారి చూపు నావిగేటరుగా నున్న త్రివిక్రముని తోలుసంచి పోయెను.

ఆ సంచి వాని యొక్కని సొత్తు గాదు. దూరస్థలములకు పనిమీద బోవు విమానబృందములలో ఒక చిరకాలపు వాడుక గలదు. బసకును భోజనమునకును వలయు సొమ్మును బయలుదేఱుటకు ముందే ఒకని పేర తీసికొందురు. అందఱి రసీదులును వానియొద్దనే యుండును. తిరిగివచ్చిన పిమ్మట వాడు లెక్క యొప్పగింపనిచో ఆ సొమ్మంతయు వాని జీతమునుండి కోసికొందురు. వరదబాధితులకు ఆహారము మోయుచు ఊరూర బస చేసిన ఆ నలుగురి బృందములో ఈ మాఱు ఆ భారము త్రివిక్రమునిది.

నాడు వారు లంకల దాపున నొక చిన్న మైదానమునుండి జనులను ఎక్కించుకొని లేవవలసియుండెను. నీరు మైదానమును సగము మ్రింగుటచే విమానము పరుగునకు చోటు చాలదయ్యెను. బరువు తగ్గింపుడని కెప్టెను రంగనాయకి యాజ్ఞాపించెను. ఒరుల మూటలు దింపించుటకు ముందు తన వస్తువును విడుచుట మర్యాద యని తలంచి త్రివిక్రముడు తన సంచినే మొదట పాఱవైచెను. ఆ ఖాళీలో నొక అవ్వ యెక్కెను. ఆమె చంకలో కోడి యుండెను.

“కోడిని దింపుము అవ్వా” అని త్రివిక్రముడు బతిమాలెను.

“దీనిని దింపినచో నేనును దిగెదను నాయనా. ఇంటిలో మిగిలినది మేమిద్దఱమే” అని అవ్వ పలికెను.

“రానిమ్ము. నీ సంచికన్న తేలికయే” అని రంగనాయకి ఇంజనుల వేగమును హెచ్చించెను.

మేఘములు దాటిన తరువాతగాని నలుగురి రసీదులును ఆ సంచిలోనే యున్నవని త్రివిక్రమునికి జ్ఞప్తికి రాలేదు.

తన యన్న గత వేసవిలో కాలము చేయగా ఆయన కూతురు సునందను నర్సుల పాఠశాలలో జేర్పింతునని ఆతడు వదినకు మాట యిచ్చియుండెను. రాబోవు జీతముతోనే రుసుము కట్టవలెను. అన్న పోయిననాటినుండి ఆ యింట నెవ్వరును రేపటి మాట యెత్తలేదు. ఎత్తిన మొదటి మాట యిదియే.

మఱునాడు జీతభత్యముల యధికారి కోదండపాణి యెదుట త్రివిక్రముడును రంగనాయకియు నిలిచిరి. ఆయన కన్నద్దములు తుడుచుకొని సావకాశముగా త్రివిక్రముని జూచెను.

“గాలివానలో విమానమును దింపగలరు. ఒక సంచిని మాత్రము మోయలేకపోయితిరి.”

“తప్పు నాది. నాలుగు నెలలకు బంచి కోసికొనుడని వేడుకొనుచున్నాను” అనెను త్రివిక్రముడు.

“అట్టి వీలు లేదు. ఇంతకును అది యెట్లు పోయినది?”

“విమానము బరువు తగ్గించుటకై నేనే విసరితిని.”

“ఎవరి యాజ్ఞచే?”

“నా యాజ్ఞచే” అనెను రంగనాయకి.

“సంచికి బదులు ఏమి యెక్కినదమ్మా?”

“ఒక అవ్వ.”

త్రివిక్రముడు తల వంచుకొని “ఒక కోడి” అని చేర్చెను.

కోదండపాణి కలము క్రింద బెట్టెను. “ఈ మాట ముందే చెప్పరాదా? అజాగ్రత్తచే పోయిన రసీదు వేఱు. ఆజ్ఞచే విడిచిన రసీదు వేఱు. రెండవదానికి కెప్టెను వాఙ్మూలము చాలును. నిర్ణీతమైన దినభత్యము నలుగురికిని చెల్లును. కోడికి మాత్రము భత్యము లేదు.”

రంగనాయకి ఫక్కున నవ్వెను. తెల్లవాఱులు రెప్ప వేయని త్రివిక్రముడు అడుగకయే ఎదుటి కుర్చీలో కూలబడెను. కోదండపాణి చూచియు చూడనట్లు మంచినీటిగ్లాసును వానివైపు జరిపెను.

“వాఙ్మూలమున అవ్వ పేరును ఉండవలెను. ఏమి పేరు?”



“అడుగలేదు” అనెను త్రివిక్రముడు.

“సొమ్మునకు నేనడ్డుపడను. పేరు కనుగొని తెచ్చి యిండు.”

వాన వెలిసి నీరు తీసిన పిదప కడిగిన పళ్లెమువలె ఆకాశము మెఱయుచున్న యొక యుదయమున సునంద తెల్లని దుస్తులు ధరించి పాఠశాలకు బోయెను. వదిన గుమ్మమున నిలిచి ఆ పిల్ల వీధి మలుపు తిరుగువఱకు చూచి సాయంకాలమునకు ఏమి వండవలెనని మఱదిని అడిగెను. అన్న పోయిన తరువాత ఆమె వంటమాట యడుగుట అదియే మొదలు.

అప్పటికి వరదశిబిరములు ఎత్తివేసిరి. జనులు లంకలకు మరలిపోయిరి. త్రివిక్రముడు రెండు శిబిరములను నడపినవారిని విచారించెను. కోడి నందఱు నెఱుగుదురు. అవ్వ పేరు ఇంకను తెలిసికొనవలసియున్నది.