దర్జీ విప్పిన ఇంజిను

మా ఆయన దర్జీ. మంచి దర్జీ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇంకాసేపయ్యాక చెప్పడానికి నాకు మనసొప్పదు. కత్తిరించడం, కుట్టడం ఆయన పని. హుక్కులు, కాజాలు, అంచులు, ఇస్త్రీ నావి. కొట్టు వెనక ఇల్లు, ఇంటి పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో పదమూడేళ్ళ పాత కారు. మా సంసారమంతా ఇంతే.

సోమవారం పొద్దున అత్తయ్యకి కంటి ఆపరేషన్. రెండు కళ్ళకీ పొర కమ్మింది. ఒకప్పుడు మసకచీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించిన మనిషి, ఇప్పుడు చెంచా అనుకుని దువ్వెన అందుకుంటోంది. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ అది. తప్పిందంటే మళ్ళీ వరసలో చిట్టచివరికి పోవాలి. ఆసుపత్రి వంద కిలోమీటర్ల దూరం, ఏడింటికల్లా అక్కడుండాలి, ఆ వేళకి చేర్చే బస్సు లేదు. అద్దె కారు మాట్లాడదామంటే, "తెలియని మనిషి నడిపితే నాకు వాంతులవుతాయమ్మాయ్" అంది అత్తయ్య. ఇక మా కారే దిక్కు.

దూరప్రయాణం కదా, ఒకసారి చూడవయ్యా అని శుక్రవారం మెకానిక్కుని పిలిచాం. బానెట్టు ఎత్తి, పక్కనున్న మూత విప్పి, టార్చి వేసి చూసి నాలుక చప్పరించాడు.

"టైమింగ్ బెల్టు పగుళ్ళిచ్చింది. దీంతో దూరం పోకండి. దారిలో తెగితే లోపలివన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇంజిను మొత్తం పోతుంది."

"అయితే మార్చెయ్యి" అన్నాను.

"బుధవారం దాకా ఖాళీ లేదమ్మా."

అతను అటు వెళ్ళాడో లేదో, మా ఆయన కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు బాగా తెలుసు. ఇదివరకు అది వచ్చినప్పుడు మిక్సీ పోయింది. అంతకుముందు ఇస్త్రీపెట్టె.

"నేను మార్చేస్తా" అన్నాడు.

"ఏవండీ, మీకేమైనా మతిపోయిందా?"

"మూడు వీడియోలు చూశానే. ఒకడైతే నలభై నిమిషాల్లో మార్చేశాడు."

"వాడు మెకానిక్కు!"

"నేను మాత్రం? కుట్టుమిషన్లకి ఎన్ని బెల్టులు మార్చలేదు? బెల్టంటే బెల్టే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మిషను బెల్టు తప్పుగా పెడితే దారం తెగుతుందండీ. ఇక్కడ తప్పుగా పెడితే అత్తయ్య చూపు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది!"

"అనవసరంగా అరుస్తావేం? సోమవారం అమ్మని నేనే తీసుకెళ్తా. పూచీ నాది" అన్నాడు. తల్లంటే ఆయనకి ప్రాణం. అందుకే ఇంకేమీ అనలేకపోయాను. కొద్దిగా మాత్రమే అన్నాను, ఒక గంటసేపు.

శనివారం పొద్దున్నే విడిభాగాల కొట్టుకి పోయి కొత్త బెల్టు తెచ్చాడు. షెడ్డులో పాత దుప్పటి పరిచాడు. విప్పిన బోల్టుల్ని గుండీల డబ్బాల్లో వేశాడు, చిన్నవి చొక్కా గుండీల డబ్బాలో, పెద్దవి కోటు గుండీల డబ్బాలో. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. దేన్ని కొలవడానికో ఆ మహానుభావుడికే తెలియాలి. అత్తయ్య షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. సరిగ్గా కనిపించదు కాబట్టి చప్పుళ్ళు వింటూ, "ఎంతదాకా వచ్చింద్రా?" అని పదినిమిషాలకోసారి అడుగుతోంది.

మధ్యాహ్నానికి బెల్టు బయటపడింది. పైన రెండు పళ్ళ చక్రాలు, కింద ఒకటి, మూడింటినీ చుట్టి బెల్టు. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి ఒక్కో చక్రం మీదా, దాని వెనకున్న ఇనుము మీదా కలిపి తెల్లగా గీత గీశాడు.

"చూశావా? చొక్కాకి చెయ్యి అతికించేటప్పుడు గుర్తుకి గుర్తు కలపమూ? అంతే. చక్రాలు ఇప్పుడున్నట్టే ఉంటే చాలు" అని పాత బెల్టు లాగేసి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

ఆయనకి వడ్డించి, బిస్కెట్ రంగు కోటు ఒకటి సాయంత్రానికి ఇవ్వాల్సి ఉంటే, దాన్ని దులుపుతూ దులుపుతూ బ్రష్షు చేత్తో పట్టుకునే షెడ్డులోకి వెళ్ళాను. ఈయన వెలగబెట్టిందేమిటో చూద్దామని. అత్తయ్య కుర్చీలోనే కునుకు తీస్తోంది.

ఇరవై రెండేళ్ళుగా నా చేతికి పట్టిన అలవాటు ఒకటుంది. ఎక్కడ సుద్ద గీత కనబడినా దులిపెయ్యడం. గీతతో బట్ట ఇస్తే కొట్టు పరువు పోతుందని పెళ్ళయిన కొత్తలో అత్తయ్య నేర్పింది. నల్లటి ఇంజిను మీద అంత తెల్లగా గీతలు కనబడేసరికి నా చెయ్యి నన్ను అడగలేదు. టపటపా నాలుగు దెబ్బలు కొట్టింది. పోని చోట కొంగుతో తుడిచింది. పై చక్రం ఒకటి టక్కుమని కాస్త పక్కకి జరిగింది కూడా. హమ్మయ్య, శుభ్రంగా ఉంది అనుకుని వంటింట్లోకి వచ్చేశాను.

అంట్లు తోముతుండగా షెడ్డులోంచి కేక. "గీతలేవీ?"

చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది. మెల్లిగా షెడ్డు గుమ్మం దాకా వెళ్ళాను.

"ఏ గీతలండీ?" అన్నాను. ఎంత అమాయకంగా అన్నానంటే నాకే సిగ్గేసింది.

ఆయన తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "బెల్టు లాగేటప్పుడు నా చేతులకే అంటుకుపోయినట్టున్నాయి. ఛ, నాదే బుద్ధితక్కువ."

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ నిన్నటి నుంచి ఆ నోటితోనే ఆయన్ని నానా మాటలూ అన్నాను. మతిపోయిందన్నాను, మిక్సీ గుర్తుచేశాను, ఇస్త్రీపెట్టె గుర్తుచేశాను. ఇప్పుడు అదే నోటితో ఎలా చెప్పను? నోరు మూసేశాను. నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి.

"పోనీ మానేద్దామండీ" అన్నాను.

"ఎందుకూ? వందమంది కొలతలు గుర్తుపెట్టుకుంటాను, మూడు చక్రాలు గుర్తుండవా?" అని కొత్త బెల్టు ఎక్కించి, బిగించి, మూతలు పెట్టేశాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో నేను మూడుసార్లు తలనొప్పన్నాను, ఒకసారి కళ్ళు తిరుగుతున్నాయన్నాను, తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను. రెండో తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

"అమ్మా, రా! ముందు నువ్వే ఎక్కాలి" అన్నాడు. అత్తయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. తను ముందు కూర్చున్నాడు. తాళంచెవి పెట్టాడు. ఆ మొహంలో ఎంత సంతోషమో! తల్లికి చూపు తనే తెచ్చిస్తున్నంత సంబరం.

"తిప్పరా, ఏం కాదు" అంది అత్తయ్య.

ఇక ఆగలేకపోయాను. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన మణికట్టు పట్టేసుకున్నాను.

"తిప్పకండి! గీతలు మీ చేతికి అంటుకోలేదు. నేనే దులిపేశాను. చక్రం కూడా జరిగింది!"

ఆయన తాళంచెవి మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అదేం లేదురా. అది ఊరికే భయపడుతోంది. నువ్వు తిప్పు" అంది అత్తయ్య వెనక నుంచి.

"లేదత్తయ్యా, నిజం, నేనే..."

"తిప్పరా అంటుంటే!"

ఆ గొంతులో తొందర విని ఇద్దరం వెనక సీటు వైపు తిరిగాం. అత్తయ్య ముందు సీటు అంచు పట్టుకుని వణికిపోతోంది. ఆయన తాళంచెవి బయటికి లాగేశాడు. "ఏమైందమ్మా?"

అత్తయ్య నెమ్మదిగా అంది. "బ్రష్షు చప్పుడు నేను విన్నాన్రా. నలభై ఏళ్ళు సుద్ద దులిపినదాన్ని, ఆ చప్పుడు నాకు తెలియదా? చెబుదామనుకున్నా. కారు చెడిపోతే సోమవారం వెళ్ళక్కర్లేదు కదా అని ఊరుకున్నా."

"ఎనిమిది నెలలు ఎదురుచూసి..." అన్నాడాయన.

"మీరు ఎదురుచూశార్రా. నేను భయపడ్డాను. ఇప్పుడు మసగ్గానైనా మీరిద్దరూ కనిపిస్తున్నారు. వాళ్ళు కత్తి పెట్టాక అదీ లేకుండా పోతే?" అని ఏడ్చేసింది.

నవ్వాలో ఏడవాలో తెలియక నేను కూడా ఏడ్చాను. ఆయన ఒక్కడే ఇంకా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. "అంటే ఈ షెడ్డులో నిజం తెలియనివాణ్ణి నేనొక్కణ్ణేనా?" అన్నాడు.

మెకానిక్కుకి నేనే ఫోన్ చేశాను. "రేపు ఆదివారం, పని చెయ్యనమ్మా" అన్నాడు. "నువ్వు వస్తాననేదాకా నేను ఫోన్ పెట్టను" అన్నాను. పావుగంటకి ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున వచ్చి మూతలు విప్పి, లోపల గుడ్డతో జిడ్డు తుడిచాడు. చక్రాల మీద చెక్కిన చుక్కలు బయటపడ్డాయి.

"ఇవిగో, కంపెనీవాళ్ళే పెట్టిన గుర్తులు. మీ సుద్దతో పనేముంది సార్? రెండు పళ్ళు తేడా ఉంది. నిన్న తాళం తిప్పి ఉంటే వాల్వులన్నీ వంగిపోయేవి." మెకానిక్కు మా ఆయన మెడలోని టేపుకేసి ఓసారి చూశాడు. "రేపు నా ప్యాంటు నేనే కత్తిరించుకుంటాను, మీ కత్తెర ఇస్తారా?"

మా ఆయన మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. బెల్టు సరిచేసి, చక్రాల్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూసి, అప్పుడు స్టార్ట్ చేశాడు మెకానిక్కు. ఇంజిను హాయిగా తిరిగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం, అత్తయ్య తప్ప.

సోమవారం ఏడింటికి పది నిమిషాల ముందే ఆసుపత్రిలో ఉన్నాం. ఆపరేషన్ గది బయట నర్సు వచ్చి, "మత్తుమందు ఇచ్చేదాకా పక్కన ఒక్కరుండొచ్చు. ఎవరొస్తారు?" అంది. మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"వాడు వద్దు" అంది అత్తయ్య. "వాడికి ధైర్యం ఎక్కువ. నా కోడలు రావాలి. దానికి నాలాగే భయం."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. నేను చెప్పులు విప్పి ఆవిడ పక్కకి వెళ్ళాను. ఆవిడ నా చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగానే ఉన్నాయి. అలాగే లోపలికి నడిచాం.