పక్కకు జరిగే మనిషి

ఓబులేసు మూడుకాళ్ల స్టాండును భుజం మీది నుంచి దించి, బండ మీద నిలబెట్టి, తనే పోయి నీళ్ల ఒడ్డున నిలబడ్డాడు. ఎండకు మాడిన మొహం, నెరిసిన మీసం, ఎండుకట్టెల్లాంటి పిక్కలు. భూపేష్ డిజిటల్ కెమెరాతో అతన్ని ఒక ఫోటో తీశాడు. మొహం మీద వెలుతురు ఎంతుందో చూసుకున్నాడు. చెరిపేశాడు.

"ఇంక జరుగు, ఓబులేసూ."

అసలు ఫోటో పెద్ద కెమెరాలో, ఫిల్ము మీద. దాంట్లో మనిషి ఉండకూడదు. కడప ఆసామి కొడుకు భూపేష్‌కు కావలసింది కొండలు, పెన్న నీళ్లు, ఆకాశం. ఆ ఫోటోల వరసకు ‘నిర్జనం’ అని పేరు పెట్టాడు. జనాన్ని వెళ్లగొట్టి నీళ్లు నింపిన చోటును నిర్జనం అనడానికి నోరెట్లా వచ్చిందో! గండికోట జలాశయం నిండినప్పుడు ఓబులేసు ఊరు ఆ నీళ్ల కిందికే పోయింది. ఇప్పుడు కాలనీలో రేకుల ఇల్లు. ఈ కెమెరా పెట్టెలు మోసే వంకతోనైనా ఊరివైపు చూసుకోవచ్చని వస్తాడు.

పొద్దున భార్య కృష్ణవేణమ్మ ఎత్తిపొడిచింది. "ఫోటోలోళ్ల ఎనకమ్మటి ఇన్నేండ్లు తిరిగితివి. మనూరికాడ నీ పటం ఒకటన్నా ఉండాదా? మోసే గాడిదకైనా తీసింటారు!"

ఓబులేసు జరగలేదు.

"సారూ, ఈ తూరి నన్ను ఉండనీ. మా ఇల్లు ఈడనే ఉండాది, ఈ నీళ్లకింద."

"తర్వాత తీస్తాలే పెద్దాయనా. ఎండెక్కితే ఈ వెలుతురు పోతాది."

నీళ్లు పొగలా మెత్తగా కనబడాలని భూపేష్ లెన్సును చాలాసేపు తెరిచి ఉంచుతాడు. నడిచిపోయే మనిషి ఆ ఫిల్ము మీద నిలవడు. అందుకే ఓబులేసు జరిగేదాకా ఆగకుండా తెరిచేశాడు.

ఓబులేసు నీళ్ల అంచునున్న ఇంకో బండ మీద కూర్చున్నాడు.

"జరగమంటే కూచుంటాండావే! పటం పాడయితాది!"

"కదిలితే గదా సారూ పాడయ్యేది. నేను కదల్ను లే."

కదల్లేదు. ఈగ వాలినా తోలుకోలేదు. మునిగిపోయిన తన వాకిలి వైపే చూస్తూ, రొమ్ములో ఏదో పట్టేసినా ఓర్చుకున్నాడు.

మధ్యాహ్నం ఉత్తకాళ్లతో ఇల్లు చేరి, "పటంలో పడినాన్లేమ్మే" అని నవ్వి పడుకున్నాడు. కృష్ణవేణమ్మ సంగటి పెట్టి లేపితే లేవలేదు.

కబురు భూపేష్‌కు అందింది. అయినా ఫిల్ము కడిగి, స్కాన్ చేసి, కంప్యూటర్లో ఆ మనిషిని చెరిపేశాడు. వరస పేరు చెడకూడదు గదా!

హైదరాబాదు ప్రదర్శనలో గోడంత ఫోటో వేలాడుతోంది. కొండలు, పొగలాంటి నీళ్లు. ఒడ్డున, చెరపడం మరిచిన టైరు చెప్పుల జత, ఇంట్లోకి పోతూ గడప ముందు విడిచినట్టు.