ఫెయిర్ చెయ్యని లాగ్‌బుక్కు

నేను ఒక చిత్తు పుస్తకాన్ని. రెండు వందల పేజీలు, గట్టి కుట్టు. ఎక్కువ మాట్లాడను. నా మీద ఎవరేం రాస్తే అదే నా చదువు.

గాజువాకలో ఒక పుస్తకాల కొట్టులో నన్ను గేదెల నీలిమ కొన్నది. మెకానికల్ ఇంజనీరింగు చివరి ఏడు. కాలేజీ వాళ్లు ఆరు నెలల పనికి జపాన్‌లో ఒక పంపుల ఫ్యాక్టరీకి పంపుతున్నారు. ఏ రోజు పని ఆ రోజు లాగ్‌బుక్కులో రాయాలి. తిరిగొచ్చాక అది చూసి మార్కులు వేస్తారు. తప్పితే ఆ ఆరు నెలలూ మళ్లీ చెయ్యాలి.

అక్కడ లేత్ మిషన్ పక్కన ఇనుప బల్ల మీద నా కాపురం. మేస్త్రి మొరితా గారు నాకంటే తక్కువ మాట్లాడే మనిషి. సాయంత్రం నన్ను తెరిచి, ఒక టిక్కు పెట్టి వెళ్లిపోయేవారు.

మూడో నెలలో నీలిమ పంపులో తిరిగే ఇనుప కడ్డీ, షాఫ్టును ఒకదాన్ని లేత్ మీద చెక్కి, వేడి తగ్గకుండానే కొలిచింది. కొలత సరిపోయింది. చల్లారాక ఇనుము ముడుచుకుని వెంట్రుకవాసి సన్నబడింది. ఇక పంపుకు పనికిరాదు. ఎవరూ చూడలేదు. తుక్కులో పడేస్తే అడిగే దిక్కు లేదు. ఆ పిల్ల నూనె చేతులతోనే నన్ను తెరిచి రాసింది: "వేడి మీద కొలిచాను. షాఫ్టు పాడుచేశాను. తప్పు నాది."

రాసి, షాఫ్టునూ నన్నూ తనే తీసుకెళ్లి చూపించింది. మొరితా గారు జేబులోంచి చిన్న ముద్ర తీశారు. మనకు సంతకం ఎలాగో అక్కడ మనిషికో ముద్ర. నీలిమ వేలి మరక పక్కనే ఎర్రగా అద్దారు.

"అడక్కముందే చెప్పావు. రేపటి నుంచి చల్లారాక కొలువు," అన్నారు.

ఆరు నెలల్లో ఆయన ముద్ర పడిన పేజీ అదొక్కటే.

తిరిగొచ్చాం. కాలేజీలో ఒక ఆచారం ఉంది. చిత్తులో జరిగింది రాస్తారు, ఫెయిర్‌లో జరగాల్సింది రాస్తారు. మార్కులు ఫెయిర్‌కే. అల్మరా నిండా ఫెయిర్ పుస్తకాలే. జర్మనీ వెళ్లినవాడిదీ, మలేసియా వెళ్లినవాడిదీ ఒకటే వాక్యం: "ఈ దినము యంత్రమును క్షుణ్ణముగా పరిశీలించితిని." అందరూ పరిశీలించారు. ఒక్కరి చేతికీ నూనె అంటలేదు.

మార్కులు చూసే సారంగపాణి గారు నన్ను రెండు వేళ్లతో ఎత్తారు.

"ఏమ్మా, పెళ్లిచూపులకి నూనె చేతుల్తో వెళ్తారా ఎవరైనా? ఫెయిర్ రాసుకురా. ఆ షాఫ్టు గొడవ తీసెయ్. ఆ మేస్త్రి ముద్రకు బదులు సంతకం నేను పెడతాలే."

"రాయను సార్."

"పొగరా? ఫెయిల్ చేస్తాను."

"చెయ్యండి సార్. ఆరు నెలల్లో నేను నేర్చుకుంది ఆ పేజీలోనే ఉంది. అది తీసేస్తే నేను అక్కడికి వెళ్లనట్టే."

నన్ను వెనక్కి తీసుకోలేదు. ఫెయిర్ పుస్తకాల దొంతర మీద నన్నే పెట్టి వెళ్లింది. అంత తెల్లటి అట్టల మీద అంత నల్లగా నేనెప్పుడూ కూర్చోలేదు. కూర్చున్నాను.

పరీక్ష రోజు మార్కులు వెయ్యడానికి బయటి నుంచి దస్తగిరి గారొచ్చారు. ముప్పయ్యేళ్లు వర్క్‌షాపులో ఒళ్లు అరగదీసుకున్న మనిషి. తెల్ల పుస్తకాలు చకచకా తిప్పేశారు. ఎర్ర ముద్ర దగ్గర ఆగారు. ఆ మరక మీద తన బొటనవేలు ఆనించి చూసుకున్నారు.

"ఎన్ని షాఫ్టులు పాడుచేశావమ్మా?"

"ఒకటేనండి."

"నేను పదకొండు. ఒక్కటీ రాసుకోలేదు."

నీటుదనానికని పెట్టిన పది మార్కులూ సారంగపాణి గారు కోసేశారు. మిగతా తొంభై బయటి నుంచి వచ్చినవారి చేతిలోవి. వాటిలో దస్తగిరి గారు ఎనభై రెండు వేశారు. నీలిమ గట్టెక్కింది.

ఇప్పుడు నేనూ ఆ అల్మరాలోనే ఉన్నాను. ఏటా కొత్త పిల్లలొచ్చి, కాపీ కొట్టడానికి పుస్తకాలు వెతుక్కుంటారు. నన్ను తెరిచి, ముక్కు చిట్లించి, పక్కన పెడతారు.

పెట్టనీ. నన్ను కాపీ కొట్టాలంటే ముందు ఒక షాఫ్టు పాడుచెయ్యాలి. తర్వాత దాన్ని పట్టుకెళ్లి మేస్త్రికి చూపించాలి.