చెరుకు కోతల్లో లంక ప్రయాణం

మా పెదబాపు రాజనర్సు, అంటే మా నాన్నకు అన్న, లంకకు పోవాలనుకుంటున్న సంగతి ఊళ్ళో అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆయన జాబులన్నీ రాసేది నేనే కాబట్టి.

లంకలో పెదబాపుకు ఒక దోస్తు ఉన్నాడు. పేరు తంబిరాజా. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు ఫిట్టరుగా పనిచేసి, సొంత దేశానికి తిరిగిపోయాడు. చెరుకు బండ్లు యార్డులో వరుసకు ఆగినప్పుడల్లా ఇద్దరూ బండి నీడన కూర్చుని వచ్చీరాని ఉర్దూలో గంటలు గంటలు మాట్లాడుకునేవారట. ఇప్పుడు ఆయన లంకకు దక్షిణం కొసన సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉంటున్నాడు. 1968 జూన్‌లో, మిరుగు వానలు పడిన వారానికి, ఆయన దగ్గరినుంచి ఒక ఫోటో వచ్చింది. మడుగులో ఏనుగుల మంద నీళ్ళు తాగుతోంది. వాటి వెనక ఇసుక దిబ్బ, ఆ దిబ్బ వెనక సముద్రం. ఫోటో వెనక ఇంగ్లీషులో రెండే వాక్యాలు: "నీ భార్యను తీసుకుని రా. మా ఇంట్లోనే దిగాలి."

పెదబాపు భార్య, మా పెద్దవ్వ హన్మవ్వ, ఆ ఫోటోను కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"ఏనుగులు అడివిల ఉంటయి. సముద్రం సముద్రం కాడ ఉంటది. రెండు ఒక్క తావున యాడుంటయి? ఇది అతికిచ్చిన ఫోటో" అంది.

"తంబిరాజా అబద్దమాడడే" అన్నాడు పెదబాపు.

"అయితె నా కండ్లతోని సూస్త. సూసినంకనే నమ్ముత."

ఆమె ఊరికే అన్నది. ఆయన ఊరికే వినలేదు. పెద్దవ్వ పుట్టినూరు ఏర్గట్ల. అక్కడినుంచి మా ఊరికి వచ్చిందే ఆమె చేసిన పెద్ద ప్రయాణం. ముప్పై ఏళ్ళుగా పసుపు, చెరుకు, బర్రెలు, మళ్ళీ చెరుకు. పిల్లలు కలగలేదు. ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూనే ఒకరి కంచంలో ఒకరు కూర వేసుకుంటారు.

ఆ రోజునుంచి మా ఇంట్లో లంక ముచ్చటే. మా ఇల్లు, పెదబాపు ఇల్లు ఒకే వాకిలి. అన్నం తిన్నాక అందరూ మా అరుగుమీద చేరేవారు. నేను బడి అట్లాసు తెచ్చి దీపం దగ్గర విప్పేదాన్ని. నిజామాబాదునుంచి సికింద్రాబాదు, అక్కడినుంచి మద్రాసు, మద్రాసునుంచి రామేశ్వరం, ఆపైన ఓడ. మళ్ళీ రైలు. పుటలో లంక మామిడికాయంతే ఉంది. స్కేలుతో కొలిచి లెక్క కట్టి, ఆ కొసనుంచి ఈ కొసకు రెండు వందల డెబ్బై మైళ్ళు ఉందని చెబితే మా బాపు ఎర్రన్న నోరు తెరిచాడు. "గంత పెద్దదా! మరి మన జిల్లాలెన్ని పడుతయి అండ్ల?"

ఏం తీసుకుపోవాలో పెద్దవ్వ చెబుతుంటే నేను రాసేదాన్ని. జొన్నపిండి, కారప్పొడి, తంబిరాజా పెండ్లానికి పసుపు కొమ్ములు. పెదబాపుది ఒకటే కోరిక: చెరుకు గడలు. రెండు కట్టలు.

"లంకల చెరుకు లేదా?" అని అడిగింది మా అవ్వ, అంటే మా అమ్మ.

"ఉండనీ. మన బోధన్ చెరుకు ఏనుగు నోట్లె పెట్టినమనుకో, అది మనెంబడి రేలుకాడికి వస్తది" అన్నాడు పెదబాపు.

"రాని, దున్నేతందుకు పనికొస్తది" అన్నాడు బాపు.

నెల కూడా కుదిరింది. మే. మా దిక్కు ఎవరిని అడిగినా అదే చెబుతారు. దీపావళి దాటాక ఫ్యాక్టరీ మొదలైతే ఏప్రిల్ దాకా నడుస్తుంది. ఫ్యాక్టరీ ఇచ్చే కోత చీటీ ఎవరికి ఎప్పుడు వస్తుందో తెలియదు. చీటీ వచ్చిన రోజు గడ నరకాలి, నరికిన గడ ఎండకముందే బండి యార్డులో ఉండాలి, బండి పక్కన మనిషి ఉండాలి. అన్నీ అయ్యాక మిగిలేది మే నెల. పెండ్లిళ్ళు, తీర్థాలు, చుట్టాల ఇండ్లు, ఏదైనా అప్పుడే. లంక కూడా అప్పుడే అనుకున్నారు. ఆ మాటే తంబిరాజాకు రాయమన్నారు. గడల సంగతి కూడా రాయమన్నారు.

మే నెల అనగానే నా గుండె ఎందుకు కొట్టుకుందో ఎవరికీ తెలియదు. మేలో బడికి సెలవులు. నన్ను కూడా తీసుకుపోవచ్చు. నాకు పోవాలని ఉంది. ఎంతగా ఉందంటే, అట్లాసులో రామేశ్వరానికీ లంకకూ మధ్య నీలం రంగుమీద వేలు పెడితే చెయ్యి తీయబుద్ధి అయ్యేది కాదు. కానీ నోరు విప్పి అడగడం నావల్ల కాదు. చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడేదాన్ని. బడిలో సారు ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా కాగితంమీద రాసి చూపించేదాన్ని.

ఒకసారి పెదబాపే అన్నాడు, "గంగమణిని తీస్కపోదమా? ఇంగిలీషు బోర్డులు సదువుతది."

"అదెక్కడ వస్తది! గడప దాటుమంటెనే ఏడుస్తది, ఇగ సముద్రం దాటుతదా?" అంది పెద్దవ్వ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి నా నోటుబుక్కులో "నేను వస్తాను పెద్దవ్వా" అని రాసి, ఎవరైనా చూస్తారేమోనని కొట్టేశాను.

శ్రావణం చివర పోలాల పండుగ వెళ్ళిన మూడోనాడు తంబిరాజా జవాబు వచ్చింది. పోస్టు మనిషి బడి దగ్గరే నా చేతికిచ్చాడు. నేను డిక్షనరీ పెట్టుకుని, మధ్యాహ్నం గంటలో, వేపచెట్టు కింద చదివాను. మీరు వస్తున్నారంటే మా ఇంట్లో పండుగలా ఉంది అని రాశాడు. చెరుకు గడలు మాత్రం తేవద్దు, ఓడ దిగగానే తీసేసుకుంటారు, పైగా అడవి ఏనుగులకు చేతితో పెట్టకూడదు, తీపి మరిగితే తోటల మీద పడతాయి, మనుషులు వాటిని కాల్చేస్తారు అని రాశాడు. ఆ తర్వాత: "మే నెలలో మా వైపు సముద్రం బాగుండదు. గాలివానలు మొదలవుతాయి, అలలు ఇంటి ఎత్తు లేస్తాయి, ఒడ్డుకు కూడా పోనీయరు. జనవరి చివరనుంచి మార్చిలోపు రండి. అప్పుడు నీళ్ళు అద్దంలా ఉంటాయి."

జాబు మడిచి లంగా మడతలో దోపుకున్నాను. జనవరినుంచి మార్చి అంటే చెరుకు కోతలు. పెదబాపు కదలలేడు. నాకు బడి. ఆ నాలుగు వాక్యాలు నేను చదవకపోతే ఎవరికీ తెలియదు. మా ఇంట్లోనే కాదు, మా వాడలోనే ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు. మే నెలలోనే పోతారు. సెలవుల్లో ఎవరైనా మళ్ళీ "గంగమణి?" అని అడగవచ్చు. ఇంటికి వచ్చేదాకా ఇదే ఆలోచన.

అరుగుమీద అందరూ కూర్చున్నారు. పెద్దవ్వ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది, జాబులోంచి ఎవరో తనను చూస్తారన్నట్టు. ఆమె ముఖం చూశాక ఆమెను ఇంటి ఎత్తు అలల ముందు నిలబెట్టడం నాచేత కాలేదు. అంతా చదివాను. ఒక్క ముక్క వదలకుండా.

"అంటె ఆడ మేల వానలా? మరి గాళ్ళు పెండ్లిళ్ళు ఎప్పుడు చేసుకుంటరు?" అన్నాడు పెదబాపు.

"పోనీ తియ్యి" అంది పెద్దవ్వ. "సముద్రం యాడికి పోతది. ఆడనే ఉంటది." అని లేచి, వాకిట్లో ఏ పనీ లేకపోయినా చీపురు పట్టుకుంది.

బాపు చుట్ట పక్కన పెట్టాడు. "అన్నా, నీ చెరుకు నేను జూస్త. నువ్వు వదినను తీస్కొని పో."

"నీ చెరుకు నీకున్నది గదరా."

"రెండు సేన్ల నడుమ ఒక్క గట్టే గదా. నీ చీటీ వచ్చినా నా చీటీ వచ్చినా బండికాడ నేనుంట. ఇరవై దినాలు. గని బదులు ఇయ్యాలె, ఊకె జెయ్య."

బదులంటే మా దిక్కు పనికి పని. ఈ రోజు నువ్వు నా పొలంలో నాటు వేస్తే రేపు నేను నీ పొలంలో వేస్తాను. పని కుదరకపోతే ఇంకేదైనా అడగవచ్చు; అడిగింది ఇవ్వనంటే మర్యాద కాదు.

పెదబాపు ముఖం విప్పారింది. "ఏం గావాలెనో అడుగురా. కాదన్నోడు మనిషి కాదు."

"నీ తెల్ల కోడె అడుగుత."

"దాని తోకనే ఇస్త."

మా అవ్వ, "బర్రెను అడుగుండ్రి, పాలన్న ఉంటయి" అంది. వాకిట్లో పెద్దవ్వ చీపురు ఆపి నవ్వింది. ఒకరు పెదబాపు గడియారం అన్నారు, ఒకరు గొంగడి అన్నారు. ఇంకొంచెంసేపట్లో ఆ ఇరవై రోజుల బదులు ఏ కోడెదూడతోనో తెగిపోతుంది. నేను జాబు మడిచి లేచాను.

"బాపు, నీకొచ్చే బదులు నాకియ్యి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను పోలేదు.

"నన్ను తీస్కపో పెదబాపు. నేను పోత. ఫోటో వచ్చినకాడికెంచి పోవాలనే ఉన్నది."

"ఓసి నీ పాడుగాను!" అంది పెద్దవ్వ. చీపురు కింద పడేసి వచ్చింది. "మూడు నెలలసంది రాసుకుంట కూసున్నవు, ఒక్క దినం నోరిప్పితె నీ సొమ్మేం పోయె? నేను అడుగుతె వద్దంటవని, నిన్ను రమ్మని కష్టపెట్టుడెందుకని, నేనే ఊకున్న గదనే!"

"మరి బడి?" అన్నాడు బాపు. నవ్వడం లేదు. "ఇరవై దినాలు. మీ సారుతోని ఎవరు మాట్లాడాలె? నాతోని కాదు, ముందే చెప్తున్న. బదులు నువ్వు తీస్కున్నవు, నువ్వే మాట్లాడుకో."

"నేనే మాట్లాడుత."

"జూద్దం" అన్నాడు. కానీ ఆయన చెయ్యి నా తలమీద ఉంది.

మరుసటి రోజు పొద్దున గంట కొట్టకముందే సారు గది ముందు నిలబడ్డాను. సారు కళ్ళజోడు పైనుంచి చూసి, అలవాటుగా బల్లమీది తెల్లకాగితం నా వైపు జరిపి, "రాసివ్వు, ఏం కావాలె" అన్నాడు.

నేను కాగితం తీసుకోలేదు. "సార్, మేము లంకకు పోతున్నం" అని మొదలుపెట్టాను.