నోరు మాత్రం కదిలించే పిల్లలు

కాలరు ముందు, ఆ తర్వాత భుజాలు, చేతులు, చిట్టచివరికి వీపు. ముప్పయ్యేళ్లుగా పెద్దమ్మ చొక్కాను ఈ వరసలోనే ఇస్త్రీ చేస్తోంది. ఎడమచేత్తో బట్ట సాగదీస్తుంది, కుడిచేత్తో పెట్టె తోస్తుంది, కళ్లను మాత్రం ఎదురుగోడ మీది టీవీకి అప్పగిస్తుంది. ముడత ఎక్కడుందో ఆమె వేళ్లకే తెలుసు.

ఆ టీవీ లాండ్రీ యజమాని పెట్టించిందే. ఆడవాళ్లు కబుర్లలో పడితే పని కుంటుపడుతుందని ఆ మహానుభావుడు కనిపెట్టాడు. "నోళ్లు మూసుకుని బొమ్మ చూడండి, చేతులు వాటంతటవే ఆడతాయి" అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి బడిపిల్లల పాటల సీరియల్ వస్తుంది. ఎప్పుడు చూసినా పుస్తకాలు గాల్లోకి విసరడం, బెంచీలెక్కి గంతులెయ్యడం.

"చూశావా విడ్డూరం! మీసం మొలవని వెధవ నోట్లోంచి నలభై ఏళ్ల మగాడి గొంతు!" అని పెద్దమ్మ రోజూ మండిపడేది. "అంత వానలో చిందులేసినా చొక్కా మీద ఒక్క ముడత లేదు. వీళ్ల బట్టలు ఏ మహాతల్లి ఇస్త్రీ చేస్తోందో!"

పక్క బల్ల మీద దుప్పట్లు మడతపెట్టే మరదలు, అంటే పెద్దమ్మ తమ్ముడి పెళ్లాం, పడీపడీ నవ్వేది. "అంత తిట్టేదానివి చూడ్డమెందుకు వదినా?"

"చూడకపోతే ఏం తిట్టాలో ఎలా తెలుస్తుందే?"

నవ్వులాటే గాని, ఆ కోపం ఉత్తుత్తిది కాదు. తొమ్మిదేళ్లప్పుడు బళ్లో పాటల వరసలో ఆమెను అందరికన్నా ముందు నిలబెట్టారు. గొంతు అలాంటిది మరి. తీరా పెద్దలొచ్చే రోజున, గౌను నలిగి ఉందని పంతులమ్మ ఆమెను చివరి వరసలోకి నెట్టేసింది. "పాడావంటే అందరూ నీకేసే చూస్తారు. నోరు కదిలించు, చాలు" అంది. ఆ మాట అన్న నోరు పడిపోను! ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదని చెప్పడానికి కూడా ఆ పసిదానికి మాట పెగల్లేదు. ఆ తర్వాత ఆమె పాడింది లేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా.

ఇవాళ సీరియల్ మామూలుగానే మొదలైంది. పాటల పోటీ. మెరిసే బట్టల పిల్లలు పెదవులాడిస్తున్నారు. ఎప్పుడూ అందరి సంచులూ మోస్తూ వెనక నడిచే బొద్దుపిల్ల ఉన్నట్టుండి ముందుకొచ్చింది. వాయిద్యాలు ఆగిపోయాయి. పిల్ల తన సొంత గొంతుతో పాట ఎత్తుకుంది. రెండో చరణంలో గొంతు జీరపోయింది. ఆగింది. గుటక వేసింది. మళ్లీ మొదట్నుంచి అందుకుంది.

పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది.

"వదినా, కాలుతోంది! వదినా!"

తెల్లచొక్కా వీపు మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. ఇన్నేళ్లలో అదే మొదటిది. యజమాని వాసన పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"పని మీద ధ్యాస ఉండక్కర్లా? ఎలాగూ ఆవిరి మెషీను వస్తోంది. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు పెద్దమ్మా" అన్నాడు. అనేసి టీవీ కట్టెయ్యడానికి చెయ్యి చాచాడు.

పోయిన వారమే ఆయన చెయ్యిజారి బ్లీచింగ్ పొడి డబ్బా మొత్తం గుమ్మరించి హోటలు తువ్వాళ్లను పీలికలు చేశాడు. అది బట్ట తప్పట! ఇదేమో మనిషి తప్పు!

"దాన్ని ముట్టుకోకండి" అంది పెద్దమ్మ. ఆ గొంతు అంత పైకి లేవగలదని మరదలికే తెలియదు. "నోరు మూసుకుని చూడమన్నది మీరే. ఇన్నాళ్లూ చెత్త చూపించారు, చూశాను. ఇవాళ ఒక్క పిల్ల నిజంగా పాడుతోంది. అది అయ్యేదాకా కదలను. అయ్యాక మీరు ఉండమన్నా ఉండను."

యజమాని చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. మరదలు లేచి, ఆయన పక్కనుంచే వెళ్లి టీవీ శబ్దం పెంచింది.

పాట అయింది. పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె తీగ పీకేసింది. ఇంకా చెయ్యాల్సిన రెండు చొక్కాలకేసి చూసింది, ముట్టుకోలేదు. చెప్పులేసుకుంది.

"రేపు సీరియల్లో ఏమైందో వచ్చి చెప్పవే. మా ఇంట్లో టీవీ లేదుగా."

"పాడి మరీ చెప్పనా వదినా?" మరదలు నవ్వబోయింది గాని, కళ్లు వినలేదు.

"నువ్వు కథ చెప్పు, చాలు. పాడ్డం నేను చూసుకుంటాను."

వీధి తలుపు మూసుకుంది. బల్ల అంచున, పెట్టె పిడి వేడికి చెయ్యి కాలకుండా ఆమె చుట్టుకునే పాతగుడ్డ పిడికిలి ఆకారంలోనే పడి ఉంది, ఇంకా వెచ్చగా.