వంకాయ ఆవు

ఫుమియె మూడో సాలు సగానికి వచ్చేసరికి నడుం పట్టేసింది. మోకాళ్ల కింద గోనెపట్టా జరుపుకుని, మళ్లీ వంగి, వంగమొక్కల మొదళ్లలో గడ్డి పీకసాగింది. మందు కొట్టని తోట. ఆకు వెనక దాక్కున్న పురుగునైనా చేత్తో ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వెయ్యాల్సిందే. ఆమె పొట్టి మనిషి. మెడ మీద ఎండకు కమిలిన మచ్చ, నెరిసిన జుట్టు చుట్టూ తువ్వాలు. కుడి చూపుడువేలి పక్కన గట్టిపడిన కాయ మాత్రం పొలం పెట్టింది కాదు. ఒసాకాలో బడిపిల్లల వంటశాలలో ఏళ్ల తరబడి కత్తి పట్టినందుకు మిగిలింది అదొక్కటే.

ఆ వంటశాల మూతపడింది. మంచం పట్టిన తల్లికి చాకిరీ చేస్తూ ఆమె పెళ్లి మాటే మరిచిపోయింది. తల్లి పోయాక అద్దె ఇల్లు ఖాళీ చేసి ఒక్క సంచీతో బయల్దేరింది. అప్పటినుంచి ఇదే బతుకు. చిన్న రైతుల దగ్గర ఒళ్లొంచి పని చెయ్యడం, బదులుగా మూడు పూటలా తిండి, పడుకోవడానికి చోటు. జీతం ఊసు ఉండదు. ఇలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుర్రకారే. నాలుగు రోజులు మట్టిలో ఫోటోలు దిగి వెళ్లిపోతారు, వాళ్లకు వెళ్లడానికి ఇళ్లున్నాయి. పంట చేతికి రాగానే ఫుమియెని కూడా రైతులు నవ్వుతూనే సాగనంపుతారు. పనిలేని చలికాలంలో కూర్చోబెట్టి అన్నం పెట్టేదెవరు? నిరుడు ఆ మంచులో ఎక్కడెక్కడ తలదాచుకుందో ఆమె ఎవరికీ చెప్పదు.

అందుకే ఈసారి సిగ్గు విడిచి అడిగింది.

"పెద్దయ్యా, చలికాలం కూడా నన్నిక్కడే ఉండనిస్తారా?"

తోట యజమాని తొకుజో ముసలాయన ముల్లంగి విత్తనాలు ఎండబోస్తున్నాడు. తలెత్తకుండానే, "నాదేముందమ్మాయ్, కినూని అడిగి చెప్తా" అన్నాడు.

కినూ ఆయన భార్య. కిందటేడు ఆకులు రాలేవేళ చనిపోయింది.

ఆయన వేళాకోళం ఆడలేదు. చనిపోయినవాళ్లంతా బోన్ పండక్కి ఇళ్లకొస్తారు కదా, అప్పుడు అడుగుతానన్నాడు. పండుగ మొదటిరోజు కీరదోసకాయకి జనపపుల్లలు కాళ్లుగా గుచ్చి గుర్రం చేశాడు, కినూ తొందరగా రావాలని. ఇవాళ ఆఖరి రోజు. వంకాయతో ఆవుని చేసి, సాయంత్రం దాని మీద ఆమెని నిదానంగా తిప్పి పంపాలి. జవాబు ఈలోపే రావాలి. ముసలాయన ఇంతవరకు ఆ మాటే ఎత్తలేదు. మళ్లీ అడగడానికి ఫుమియెకి నోరు పెగలడం లేదు.

మధ్యాహ్నం బల్ల మీద మూడు గిన్నెలు పెట్టింది. ఎవరూ లేని వైపు గిన్నెలో ముసలాయన ముందుగా వడ్డించాడు. కుడిచెయ్యి వణికి సగం సేమ్యా బల్లమీద పడింది. పక్షవాతం వచ్చి తగ్గిన చెయ్యి అది, దాంతో ఆయన సొంత చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేడు.

"ఊరగాయలో ఉప్పు ఎక్కువైందంటోంది" అన్నాడు ఖాళీ వైపు చెవి ఒగ్గి.

ఫుమియె చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఇంకేమైనా అన్నారా?"

"లేదు. తినేటప్పుడు అది మాట్లాడదు."

తిన్నాక ఆమె నాలుగో సాలుకి వెళ్లింది. కాయల బరువుకి ఒరిగిన కొమ్మల్ని గడ్డితాళ్లతో కర్రలకి కట్టే పని అక్కడ మిగిలింది. పొద్దున తానే మధ్యాహ్నానికని ఆపింది. తీరా వెళ్లి చూస్తే సాలు మొత్తం కట్టేసి ఉంది. నానబెట్టిన గడ్డి ఇంకా తడిగానే ఉంది. ముడులన్నీ తిరగేసిన వాటంలో ఉన్నాయి. కినూది పుర్రచెయ్యి. నిరుటి కర్రల మీద అలాంటి ముడులే ఎండి మిగిలుంటే, పక్కింటి ఒతోమి చూపించి చెప్పింది. ఫుమియె చుట్టూ చూసింది. గాలి లేదు, కీచురాళ్ల రొద కూడా ఆగిపోయింది.

పరుగున వచ్చి చెబితే ముసలాయన మొహం విప్పారింది.

"చుట్టపుచూపుగా వచ్చినా దాని చేతులూరుకోవు. ఇంక నేను దాన్ని పంపనమ్మాయ్. ఆవుని చెయ్యను. ఉండిపోనీ."

ఆమెకి ముందు భయమేసింది. ఆ తర్వాత ఇంకో భయం వచ్చింది, దాన్ని తల్చుకుంటే తనకే అసహ్యం వేసింది. కినూ అన్నం అడగదు, పక్క అడగదు. చలికాలమూ ఎండాకాలమూ లేకుండా చేసుకుపోతుంది. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా తిండికి పనిచేసే ఫుమియె ఎందుకు? చచ్చిపోయిన మనిషి మీద అసూయ పడాల్సి వచ్చిందే అని కళ్లు తుడుచుకుంది.

పనిముట్ల కొట్టం వెనక్కి వెళ్లి బుట్ట ముందు కూర్చుంది. నిటారుగా మెరిసే కాయలు సంతకి, వంకరవీ పుచ్చువీ ఇంటికి. ఏ తోటలోనైనా అంతే. ఆమె చెయ్యి అలవాటుగా ఒక వంకర కాయ మీదికి పోయి ఆగింది. ఇంట్లోంచి వెళ్లగొడుతున్న మనిషికి వంకర కాయ ఇస్తానా అనిపించింది. బుట్టంతా వెతికి అన్నిటికన్నా పెద్దదాన్ని, రెండు చేతులా పట్టాల్సినదాన్ని తీసింది. లావుపాటి పుల్లలు విరిచి కాళ్లు గుచ్చింది. తీసుకెళ్లి దేవుడి అరలో, కినూ ఫోటో ముందు, గుమ్మం వైపు మొహం తిప్పి నిలబెట్టింది.

"క్షమించు కినూ అక్కా," అంది. "నాకు ఇంకెక్కడా చోటు లేదు."

మూడు రోజులుగా నిలువునా లేస్తున్న అగరొత్తి పొగ నెమ్మదిగా వంగి గుమ్మం దారి పట్టింది.

పొద్దు వాలేవేళకి ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుండీలన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి. ఫుమియె పెట్టలేదు. ఆయన దేవుడి అరలోని ఆవుని చూశాడు.

"నువ్వు చేశావా?"

"అవును పెద్దయ్యా. తిట్టండి."

ఆయన ఆవు వీపు నిమిరాడు. "తిట్టడమెందుకు? బాగుంది. కినూకి ఇరుకంటే పడదు. చీకటి పడకముందే బయల్దేరాలని ఇందాకట్నుంచి ఒకటే పోరు."

ఫుమియె ఇక ఆగలేకపోయింది. "మరి నా సంగతి అడిగారా?"

"అడిగా. చెప్పింది. సాగనంపే మంట అయ్యాక చూపిస్తాలే" అన్నాడు నవ్వి.

గేటు దగ్గర పెంకు మీద జనపపుల్లలు పేర్చి నిప్పంటించారు. ముసలాయన చిన్న పీట మీద కూర్చుని ఆవుని పక్కనే, దారికేసి పెట్టుకున్నాడు. పొగ పల్చగా దారి మీదికి సాగింది. ఒతోమి బియ్యప్పిండి ఉండలు పట్టుకుని వచ్చింది. కినూకి చిన్నాన్న కూతురు, ముసలాయన్ని ఆటపట్టించనిదే ఆవిడకి పొద్దుపోదు.

"ఏం బావా, పెళ్లికొడుకులా తయారయ్యావ్? మా అక్క మళ్లీ నిన్ను చేసుకుంటానందా?" అంటూ వచ్చి, ఆవుని చూసి బుగ్గలు నొక్కుకుంది. "అమ్మో, దున్నపోతంత ఉంది! ఎవరు చేశారే ఇది?"

"నేనే ఒతోమి అక్కా. పెద్దదైతే మర్యాదగా ఉంటుందని..."

"మీ ఒసాకాలో ఏం చేస్తారో గానీ, మా లోయలో బుల్లికాయే ఏరతాం. పోయేది ఒక్క మనిషి. రెండో మనిషికి చోటు మిగిలిందంటే..."

మాట సగంలోనే ఆగిపోయింది. ఇద్దరూ ముసలాయన వైపు తిరిగారు. ఆయన గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. చెయ్యి ఆవు నడుం మీద ఉంది, వణకడం లేదు. నిప్పు ఆరిపోవచ్చింది. ఒతోమి వెళ్లి భుజం పట్టుకుంది. కొంచెంసేపు అలాగే ఉండి చెయ్యి తీసేసింది.

"వెళ్లిపోయాడే" అంది.

ఫుమియె ఆవుకేసి చూసింది. తనే చేసింది. ఆ పెద్దకాయని తనే ఏరింది, తన చేత్తోనే. వెళ్లి ఆ పాదాలు పట్టుకుని, "దిగి రండి పెద్దయ్యా, చలికాలం వద్దు, నేనే పోతాను" అని ఏడ్చింది. ఒతోమి ఆమెని లేవదీసింది. తిట్టలేదు. డాక్టరుకి ఫోను చేసి వస్తాను, ఈలోపు కప్పడానికి ఏదైనా పట్రా అని చెప్పి తమ ఇంటివైపు నడిచింది.

అల్మారాలో దుప్పట్లు లేవు. ఉతికినవి ఆరేశాడేమోనని ఫుమియె ఇంటి పడమటి వైపు వెళ్లింది. తోటపనిలో పడి రోజంతా అటు పోనేలేదు. అక్కడ వెదురు దండెం మీద, ఈ ఉడుకులో ఎవరూ బయటికి తీయని మందపాటి దూది బొంత ఆరేసి ఉంది. పాత బొంత. పొట్టి మనిషికి సరిపడేలా పొడవు తగ్గించి, అంచు కొత్త దారంతో, తిరగేసిన వాటంలో కుట్టి ఉంది. ఎండ పోయి చాలాసేపైంది, అయినా మడతలోకి చెయ్యి పెడితే బొంత ఇంకా వెచ్చగానే ఉంది.